మడమ ఎముక విరుపు - శస్త్రచికిత్సా చరిత్ర: రుద్రవరం శ్రామిక జీవన నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఎత్తు నుంచి కాళ్ల మీద పడిన మనిషి దేహభారాన్ని మొదట అందుకునేది మడమ. మడమ ఎముక విరుపును కోసి సరిచేయాలా, కట్టుతో వదిలిపెట్టాలా అన్న వివాదం నూరేళ్లకు పైగా సాగుతోంది. సుశ్రుత సంహితలోని భగ్నచికిత్స మొదలు పుత్తూరు కట్టు, పారిశ్రామిక యుగపు ప్రయోగాలు, యుద్ధకాలపు పద్ధతులు, లోహపు ప్లేట్ల వినియోగం, ఇటీవలి తులనాత్మక పరీక్షల దాకా ఈ చికిత్స నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎముకను ఏ పరికరంతో కూర్చాలన్న ప్రశ్న కన్నా ఎవరి మడమను, ఎప్పుడు, ఎంతమేరకు కోయాలన్న ప్రశ్నే ఈ చరిత్రను నడిపించిందని ప్రతిపాదిస్తుంది. నంద్యాల జిల్లా రుద్రవరం వంటి ప్రాంతాల శ్రామికుల దృష్టితో ఆ ప్రశ్నకున్న అర్థాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: మడమ ఎముక, భగ్నచికిత్స, పుత్తూరు కట్టు, శస్త్రచికిత్స, శ్రామికులు, రాయలసీమ, రుద్రవరం.

1. ఉపోద్ఘాతం:

నల్లమల అడవికి పడమటి అంచున, ఆళ్లగడ్డకు సమీపంలో రుద్రవరం మండలం ఉంది. ఇక్కడి కుటుంబాలకు సేద్యం, పశుపోషణ, కూలి పనులు ప్రధానమైన బతుకుతెరువులు. పక్కనున్న ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు, అదే జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాలు నాపరాతి బండలకు పేరుపొందాయి. ఈ పనులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఎక్కడం, దిగడం, బరువు మోయడం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం లేకుండా వీటిలో ఏదీ జరగదు. అంటే ఈ ప్రాంతపు శ్రమ అంతా పాదం మీద ఆధారపడి ఉంది.

మిద్దె మీది నుంచి, చింతచెట్టు కొమ్మ మీది నుంచి, బావి గట్టు నుంచి, సెంట్రింగు చెక్కల మీది నుంచి జారి కాళ్ల మీద పడినవారికి సాధారణంగా విరిగే ఎముకల్లో మడమ ఎముక ఒకటి. దేహంలోని మొత్తం ఎముకల విరుపుల్లో దీని వాటా సుమారు 2 శాతమే. అయినా పాదం వెనుక, నడిమి భాగాల ఎముకల విరుపుల్లో సగానికి పైగా దీనివే. ప్రాణానికి ముప్పు తెచ్చే గాయం కాదు కనుక వైద్య చరిత్రలో దీనికి తుంటి విరుపుకు, తొడ విరుపుకు దక్కినంత చోటు దక్కలేదు. అయితే పనిచేసే వయస్సులో ఉన్న మనిషిని నెలల తరబడి, కొన్నిసార్లు జీవితాంతం, పనికి దూరం చేసే గాయం ఇది. అందువల్ల దీని చికిత్సా చరిత్రను వైద్య చరిత్రగానే కాక శ్రమ చరిత్రలో భాగంగా కూడా చదవవలసి ఉంది.

2. మడమ నిర్మాణం - విరుపు తీరు:

చికిత్సా పద్ధతులు ఎందుకు మారుతూ వచ్చాయో తెలియాలంటే ముందుగా ఈ ఎముక స్వభావాన్ని గ్రహించాలి. పాదంలోని ఎముకల్లో మడమ ఎముకే పెద్దది. దాని పైపెంకు పలుచన, లోపలి భాగం స్పంజిలా గుల్ల. దాని మీద చీలమండ ఎముక కూర్చుని ఉంటుంది. ఈ రెండింటి నడుమనున్న కీలు పాదాన్ని లోపలికీ బయటికీ వాలనిస్తుంది. చదునైన గచ్చు మీద నడిచేవాడికి ఈ కదలిక అవసరం అంతగా తెలియదు. పొలం గట్టు మీద, దున్నిన చాళ్లలో, రాళ్ల బాటలో నడిచేవాడికి అడుగడుగునా అదే ఆధారం.

ఎత్తు నుంచి పడినప్పుడు దేహభారమంతా చీలమండ ఎముక ద్వారా మడమ ఎముక మీదికి దిగుతుంది. కట్టెలో మేకు దిగినట్లు చీలమండ ఎముక మడమలోకి దిగి, కీలు ఉపరితలాన్ని కిందికి నొక్కేస్తుంది. మడమ ఎత్తు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, బయటి గోడ ఉబ్బి పక్కనుంచి పోయే స్నాయువులను ఒత్తుతుంది. విరుపుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇలా కీలులోకి చొచ్చుకుపోయేవే. మిగిలినవి కీలును తాకనివి. వాటిలో చాలావరకు కోత లేకుండానే కుదురుకుంటాయి.

మరొక ముఖ్య విషయం చర్మానికి సంబంధించింది. మడమ బయటి పక్క ఎముకకూ చర్మానికీ నడుమ కండ దాదాపు లేదు. విరిగిన కొద్ది గంటల్లోనే వాపు వచ్చి, చర్మం బిగిసి, బొబ్బలెక్కుతుంది. ఆ స్థితిలో కోస్తే గాయం మానదు. వాపు తగ్గేదాకా ఆగితే ఎముక ముక్కలు తప్పు స్థితిలోనే అతుక్కోవడం మొదలుపెడతాయి. ఎముక తొందరపెడుతుంది, చర్మం ఆగమంటుంది. మడమ శస్త్రచికిత్స చరిత్ర అంతటికీ ఈ వైరుధ్యమే మూలం.

3. ప్రాచీన శల్యతంత్రం - కట్టు వైద్యం:

భారతీయ వైద్యంలో ఎముక విరుపుల శాస్త్రీయ చర్చకు సుశ్రుత సంహిత ప్రధానాధారం. శారీరస్థానం ఐదవ అధ్యాయంలో దేహంలోని ఎముకలను లెక్కించేటప్పుడు ఒక్కొక్క కాలికి ముప్పై ఎముకలను చెప్పి, వాటిలో మడమకు, అంటే పార్ష్ణికి, ఒకదానిని ప్రత్యేకంగా కేటాయించారు. నిదానస్థానం పదిహేనవ అధ్యాయం విరుపులను రెండు పెద్ద వర్గాలుగా విభజిస్తుంది. కీలు తప్పడం ఆరు విధాలు, ఎముక విరగడం పన్నెండు విధాలు. వాటిలో చూర్ణితం, అంటే ఎముక పిండిపిండి కావడం, కష్టసాధ్యాల కోవలో చేరింది. కీలు నలిగిన మడమ విరుపును నేటి వైద్యులు చూసే తీరుకు ఈ వర్గీకరణ దూరంగా లేదు.

చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో లాగడం, నొక్కడం, చేర్చి నిలపడం, కట్టడం అనే క్రమం కనిపిస్తుంది. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, వెదురు వంటి చెట్ల పట్టలను, బద్దలను ఆధారాలుగా వాడాలని ఉంది. పాదతలం విరిగితే నేతితో మర్దించి, బద్దతో చేర్చి, బట్టతో కట్టి, శ్రమ చేయనివ్వరాదని ప్రత్యేకంగా సూచించింది. కట్టును చలికాలంలో ఏడు రోజులకు, సాధారణ కాలంలో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు ఒకసారి మార్చాలని చెప్పింది. కట్టు వదులైతే కీలు నిలవదని, మరీ బిగిస్తే చర్మంలో వాపు, నొప్పి, చీము పుడతాయని కూడా హెచ్చరించింది. మడమ విషయంలో చర్మం పాత్ర ఎంతటిదో పై భాగంలో చూశాం కనుక ఈ హెచ్చరిక విలువ తేలిగ్గా గ్రహించవచ్చు.

తెలుగు ప్రాంతంలో కట్టు వైద్యానికి పర్యాయపదంగా నిలిచింది పుత్తూరు. నేటి తిరుపతి జిల్లాలోని ఈ ఊరి సమీపంలో ఒకే కుటుంబం 19వ శతాబ్దపు చివరి దశకాల నుంచి తరతరాలుగా ఈ వైద్యాన్ని నడుపుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీ ఇందులో ప్రధాన సామగ్రి. తెలుగు జిల్లాల నుంచే కాక తమిళ, కన్నడ ప్రాంతాల నుంచి కూడా రోగులు అక్కడికి వెళతారు. పుత్తూరు పేరుతో బోర్డు పెట్టిన కట్టు కేంద్రాలు రాయలసీమ పట్టణాల్లో విరివిగా కనిపించడం ఆ వైద్యానికున్న ఆదరణకు నిదర్శనం.

ఈ ఆదరణను కేవలం మూఢనమ్మకంగా కొట్టివేయడం చారిత్రకంగా సరికాదు. కట్టు వైద్యుడు ఊరికి దగ్గర, ఖర్చు తక్కువ, కోత భయం లేదు, పడక అక్కరలేదు. స్థానం తప్పని విరుపులకు కదలకుండా నిలపడమే చికిత్స కనుక ఫలితం కూడా కనబడుతుంది. కీలును తాకని మడమ విరుపు కూడా ఈ కోవలోనే చేరుతుంది. కానీ చీలమండ బరువుకు కిందికి దిగిపోయిన కీలు ఉపరితలాన్ని బయటినుంచి వేసే ఏ కట్టూ పైకి లేపలేదు. ఈ తేడాను పైనుంచి చూసి, తడిమి చెప్పడం సాధ్యం కాదు. అది ఎక్స్‌రే రాకతో మాత్రమే తేలిన విషయం.

4. పారిశ్రామిక యుగం - నిరాశ నుంచి కొలత దాకా:

ఐరోపాలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు మాల్గేన్ 1843లో మడమ ఎముక నలిగి విరిగే తీరును ప్రత్యేకంగా వర్ణించాడు. మరణించినవారి పాదాలను కోసి చూడడం, బతికున్నవారి మడమను తడిమి చూడడం తప్ప అప్పటికి వేరే మార్గం లేదు. లిస్టరు 1867లో క్రిమినాశక పద్ధతిని ప్రకటించిన తరువాతే ఎముకను తెరిచే ధైర్యం శస్త్రవైద్యులకు వచ్చింది. మడమను తెరిచి సరిచేసిన తొలి ప్రయత్నాలు 1882లో బెల్, 1902లో మోరెస్తాఁ పేర్లతో నమోదయ్యాయి. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొనడంతో విరుపు లోపలి రూపం మొదటిసారి బతికున్న రోగిలో కంటికి కనబడింది.

కనబడడం వేరు, సరిచేయడం వేరు. బోస్టనులో కాటన్, విల్సన్ అనే వైద్యులు 1908లో మడమను తెరవడాన్ని వ్యతిరేకించారు. ఉబ్బిన బయటి గోడను మెత్తటి అడ్డు మీదుగా సుత్తితో కొట్టి లోపలికి నెట్టే పద్ధతిని సూచించారు. 1916లో కాటన్, హెండర్సన్ కలిసి ప్రకటించిన ఫలితాల సమీక్ష పూర్తిగా నిరాశాపూరితమైనది. మడమ విరిగిన కార్మికుడి పారిశ్రామిక భవిష్యత్తు ముగిసినట్లేనన్నది ఆ సమీక్ష సారాంశం. వారు రోగి ఎంత హాయిగా ఉన్నాడని కాక, పనికి తిరిగి వెళ్లగలిగాడా అని అడిగారు. మడమ వైద్యానికి శ్రామికుని కూలి కొలమానంగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ నిరాశను ఎదిరించినవాడు ఆస్ట్రియా వైద్యుడు లోరెంజ్ బోలర్. కార్మికుల ప్రమాద బీమా సంస్థ ఆధ్వర్యంలో 1925లో వియన్నాలో గాయాల చికిత్సకే ప్రత్యేకించిన ఆసుపత్రిని ఆయన నడిపించాడు. సరైన చికిత్సకు చేసే ఖర్చు, అంగవైకల్య పింఛనుకు చేసే ఖర్చు కన్నా తక్కువన్నది బీమా సంస్థ ముందు ఆయన ఉంచిన వాదన. 1931లో ప్రకటించిన వ్యాసంలో ఆయన పక్క ఎక్స్‌రేలో మడమ ఎముక పైభాగాన ఏర్పడే ఒక కోణాన్ని కొలిచే పద్ధతిని చూపాడు. ఆరోగ్యవంతమైన మడమలో ఆ కోణం సాధారణంగా 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. కీలు కిందికి దిగినకొద్దీ కోణం తగ్గుతుంది, ఒక్కొక్కసారి సున్నాకు దిగువకు కూడా పోతుంది. ఎముకలోకి మేకులు దింపి లాగి, పక్కలనుంచి బిగించి ఆకారాన్ని రాబట్టడం ఆయన చికిత్సా విధానం. నేటికీ చిన్న పట్టణంలోని వైద్యుడు సైతం ఒక్క ఎక్స్‌రేతో, ఒక స్కేలుతో విరుపు తీవ్రతను అంచనా వేయగలగడం బోలర్ కోణం ఇచ్చిన వరమే.

5. యుద్ధం - పరికరం:

రెండవ ప్రపంచ యుద్ధం మడమ వైద్యానికి కొత్త అనుభవాన్నిచ్చింది. విమానాల నుంచి గొడుగులతో దూకిన సైనికుల గాయాలను బ్రిటిషు వైద్యుడు పీటర్ ఎసెక్స్-లోప్రెస్టి అధ్యయనం చేశాడు. తరువాత ఆయన బర్మింగ్‌హామ్ ప్రమాద చికిత్సాలయంలో పనిచేశాడు. ఆయన 1951లో చిన్నవయసులోనే మరణించగా, మడమ విరుపులపై ఆయన రాసిన వ్యాసం 1952లో వెలువడింది. కీలులోకి పోయిన విరుపులను ఆయన రెండు రకాలుగా విడదీశాడు. మొదటి రకంలో విరిగిన ముక్క నాలుక ఆకారంలో వెనుకదాకా సాగుతుంది. రెండవ రకంలో కీలు ఉపరితలం మాత్రమే విడిగా లోపలికి దిగిపోతుంది. మొదటిదాన్ని వెనుకనుంచి ఒక లోహపు శలాకను గుచ్చి, మీటలా ఎత్తి సరిచేయవచ్చు. రెండవదానికి తెరవడం అవసరం. చికిత్సను విరుపు రకం నిర్ణయించాలన్న సూత్రం ఈ విధంగా స్థిరపడింది.

ఇదే కాలంలో స్వీడను వైద్యుడు పామర్ 1948లో బయటి పక్కనుంచి మడమను తెరిచి, దిగిన కీలును లేపి, కింద ఏర్పడిన ఖాళీని రోగి సొంత ఎముక ముక్కతో నింపే పద్ధతిని ప్రకటించాడు. కెనడా వైద్యుడు గాలీ 1943లో మరొక దారి చూపాడు. నలిగిన కీలును తిరిగి కీలుగా నిలబెట్టే ప్రయత్నం మాని, రెండు ఎముకలనూ శాశ్వతంగా అతికించివేయడం ఆయన మార్గం. కదలిక పోతుంది, నొప్పి తగ్గుతుంది. అయితే 1958లో లిండ్సే, డ్యూయర్ అనే వైద్యులు పాత రోగులను ఏళ్ల తరువాత తిరిగి పరీక్షించి, కోయకుండా కదలిక నేర్పినవారి ఫలితాలు కోసినవారి కన్నా తీసిపోలేదని తేల్చారు. దాంతో తరువాతి రెండు దశాబ్దాలు శస్త్రం వెనుకడుగు వేసింది.

6. ప్లేటు, సీటీ - శస్త్రపు పునరాగమనం:

శస్త్రచికిత్స తిరిగి ముందుకు రావడానికి మూడు మార్పులు తోడ్పడ్డాయి. యాంటీబయాటిక్ మందులు గాయం చీము పట్టే భయాన్ని తగ్గించాయి. 1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఏఓ వైద్యబృందం ఎముకలను ప్లేట్లు, స్క్రూలతో గట్టిగా బిగించి, కీలును త్వరగా కదిలించే సిద్ధాంతాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. 1970లలో వచ్చిన సీటీ స్కాను మడమను పలుచని పొరలుగా చూపించి, ఎక్స్‌రేలో ఒకదానిపై ఒకటి పడి దాగిన ముక్కలను విడదీసి చూపింది. 1993లో అమెరికా వైద్యుడు సాండర్స్ శస్త్రచికిత్స జరిగిన 120 విరుపులను సీటీ ఆధారంగా పరిశీలించి, కీలు ఎన్ని ముక్కలైందన్న లెక్కతో నాలుగు తరగతులను ఏర్పరచాడు. రెండు, మూడు ముక్కలైన కీలును కూర్చవచ్చు. నాలుగు, అంతకు మించి ముక్కలైతే ఎంతటి నేర్పరికైనా ఫలితం అంతంతమాత్రమే. సుశ్రుతుని చూర్ణితం కష్టసాధ్యమన్న మాట ఇక్కడ కొత్త ఆధారంతో తిరిగి నిలబడింది.

ఈ కాలంలో వ్యాపించిన కోత బయటి పక్కన పెద్ద ఎల్ అక్షరం ఆకారంలో ఉండేది. ఎముక అంతా విశాలంగా కనబడుతుంది, ప్లేటు అమర్చడం సులభం. కానీ కోత మూల దగ్గర చర్మానికి రక్తం చాలక అంచు నల్లబడడం, గాయం విచ్చడం, చీము పట్టి ప్లేటు బయటపడడం తరచు ఎదురయ్యాయి. పొగతాగేవారిలో, మధుమేహులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందుకే వాపు తగ్గి చర్మం మీద సన్నని ముడతలు కనబడేదాకా, అంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఆగడం నియమమైంది. మూడు వారాలు దాటితే ముక్కలు కూర్చడం కష్టమవుతుంది. ఇటీవల చీలమండ కింద కొద్ది సెంటీమీటర్ల అడ్డకోతతో కీలును చూసి సరిచేసే పద్ధతి, చర్మంలోంచి నేరుగా స్క్రూలు బిగించే పద్ధతి ప్రాచుర్యం పొందాయి. వాటిలో గాయం చెడే సందర్భాలు తగ్గాయి.

నాలుక రకపు విరుపులో మాత్రం నిరీక్షణ నియమం వర్తించదు. పిక్క స్నాయువు లాగడం వల్ల విరిగిన ముక్క పైకి లేచి మడమ వెనుక చర్మాన్ని లోపలినుంచి పొడుస్తుంది. గంటల్లో సరిచేయకపోతే ఆ చర్మం చచ్చిపోతుంది. అందువల్ల ఒకే ఎముకలో ఒక విరుపు ఆగమంటుంది, మరొకటి వెంటనే రమ్మంటుంది. ఏది ఏదో చెప్పేది ఎక్స్‌రే.

7. పరీక్షకు నిలిచిన శస్త్రం:

ప్లేట్లు సర్వసాధారణమైన తరువాత, అవి రోగికి నిజంగా మేలు చేస్తున్నాయా అన్న ప్రశ్నను వైద్యులే లేవనెత్తారు. కెనడాలో బక్లీ, సహచరులు 424 మంది రోగులను చీటీలు వేసినట్లుగా రెండు వర్గాలుగా పంచి, ఒక వర్గానికి శస్త్రం చేసి, మరొక వర్గానికి చేయకుండా చూశారు. 2002లో ప్రకటించిన ఆ అధ్యయనంలో, రెండు నుంచి ఎనిమిదేళ్ల తరువాత మొత్తం మీద రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే ఉద్యోగ ప్రమాద పరిహారం పొందుతున్నవారిని పక్కన పెడితే శస్త్రం పొందినవారు మెరుగ్గా ఉన్నారు. స్త్రీలు, తక్కువ వయసువారు, తేలిక పనివారు శస్త్రం వల్ల ఎక్కువ లాభపడ్డారు. శస్త్రం లేనివారిలో తరువాతి కాలంలో నొప్పి భరించలేక కీలును అతికించవలసి రావడం ఎక్కువ.

బ్రిటన్‌లో 22 ఆసుపత్రులు, 151 మంది రోగులతో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం మరింత కఠినమైన తీర్పునిచ్చింది. రెండేళ్ల తరువాత నొప్పిలోనూ పనితీరులోనూ తేడా లేదు. చిక్కులు, మళ్లీ శస్త్రం అవసరం కావడం మాత్రం శస్త్రం పొందినవారిలో 23 శాతం, పొందనివారిలో 4 శాతం. మడమ ఆకారం ఘోరంగా చెడినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదన్నది గమనార్హం. స్వీడనులో 2013లో ప్రకటితమైన మరొక అధ్యయనం ఏడాది తరువాత తేడా చూపలేదు గానీ, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల తరువాత శస్త్రానికి కొంత మేలు కనబడుతున్నదని సూచించింది.

ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక చేదు నిజం బయటపడుతుంది. మడమ మీద ఎక్కువగా ఆధారపడే బరువుపనివాడే శస్త్రం వల్ల తక్కువ లాభపడుతున్నాడు. కాటన్ 1916లో కార్మికుని గురించి చెప్పిన నిరాశ, ఎనభై ఆరేళ్ల తరువాత బక్లీ లెక్కల్లో మరో రూపంలో తిరిగి కనిపించింది. దీనికి కారణం ఎముకలోనే ఉందనుకోవడం పొరపాటు. తేలిక పనివాడు కుర్చీలోకి తిరిగి వెళతాడు. బరువుపనివాడు వెళ్లవలసింది మళ్లీ బండలు మోసే చోటికే.

8. ఆంధ్రదేశపు ఆసుపత్రులు - రుద్రవరం దారి:

తెలుగు ప్రాంతంలో ఎముకల శస్త్రవైద్యం స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ వైద్య కళాశాలల ద్వారా జిల్లాలకు చేరింది. కర్నూలు వైద్య కళాశాల 1950లలో ఏర్పడి, రాయలసీమ పడమటి ప్రాంతానికి పెద్ద ఆధారమైంది. హైదరాబాదులో నిజాం ధర్మాదాయ ట్రస్టు 1960లలో స్థాపించిన ఎముకల ఆసుపత్రి కాలక్రమంలో నిమ్స్‌గా విస్తరించింది. ఎముకల ఎక్స్‌రే శాస్త్రంలో అంతర్జాతీయ ఖ్యాతి పొందిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు ఆ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో తిరుపతిలో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి అంగవికలురకు శస్త్రచికిత్సలు అందిస్తోంది.

సంస్థలు ఏర్పడినంత మాత్రాన దారి సుగమం కాలేదు. రుద్రవరం నుంచి ఆళ్లగడ్డ, అక్కడి నుంచి నంద్యాల, నంద్యాల నుంచి కర్నూలు. గాయపడినవాడికి ఇవి మూడు మజిలీలు. ఒక్కొక్క మజిలీకి ప్రయాణపు ఖర్చు, తోడు వచ్చేవారి కూలి నష్టం కలుస్తాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అత్యవసర వాహన సేవ మొదటి మజిలీ భారాన్ని తగ్గించింది. 2007 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పేదలకు పెద్ద శస్త్రచికిత్సల తలుపు తెరిచింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఈ మూడు పరిణామాలతో దూరం కొంత తగ్గింది.

అయినా మడమ విరుపులో దూరాన్ని కిలోమీటర్లలో కాక రోజుల్లో లెక్కించవలసి ఉంటుంది. మొదటి రోజు పసుపు పట్టు, మూడో రోజు కట్టు, వాపు తగ్గక రెండో వారంలో మరో కట్టు, నాలుగో వారంలో ఎక్స్‌రే. ఈ క్రమంలో వెళ్లినవాడికి కర్నూలులో ఎంత గొప్ప శస్త్రవైద్యుడున్నా కూర్చే అవకాశం దాటిపోతుంది. బిగుతు కట్టు కింద చర్మం చెడితే కోసే అవకాశమే ఉండదు. పైగా ఎత్తు నుంచి పడి మడమ విరిగినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా దెబ్బతింటుంది. మడమ నొప్పి ముందు నడుము నొప్పి మరుగునపడిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల కట్టు వైద్యానికీ ఆసుపత్రికీ మధ్య పోటీగా ఈ సమస్యను చూడడం కన్నా, రెండింటికీ ముందు ఎక్స్‌రే ఉండాలన్న ఒక్క నియమం ఈ ప్రాంతానికి ఎక్కువ మేలు చేస్తుంది. కీలును తాకని విరుపు అయితే కట్టుతో సరిపోవచ్చు. కీలు దిగిన విరుపు అయితే ఆ నిర్ణయం మొదటి వారంలోనే జరగాలి.

9. కొలమానాల ప్రశ్న:

చికిత్స ఫలించిందా లేదా అని చెప్పడానికి వైద్యలోకం ప్రశ్నావళులను వాడుతుంది. 1994లో అమెరికా పాదవైద్యుల సంఘం రూపొందించిన వంద మార్కుల పట్టిక వాటిలో విరివిగా వాడుకలో ఉన్నది. నొప్పి, నడిచే దూరం, ఎగుడుదిగుడు నేల మీద నడక, కీలు కదలిక, పాదం తీరు అందులో అంశాలు. గొంతుకూర్చోవడం, నేల మీద బాసింపట్టు వేసుకోవడం, తలమీద మూటతో గట్టు ఎక్కడం అందులో లేవు. రుద్రవరం రైతుకూలీ రోజులో ఎక్కువ భాగం చేసే పనులు ఇవే. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా స్త్రీలు. వారి మడమకు ఆ పట్టికలో వచ్చే మార్కులు ఎన్నైనా, మళ్లీ పొలంలో దిగగలిగారా అన్నది మరో ప్రశ్న.

పాదవైద్యంలో ఇటువంటి సవరణ భారతదేశంలో ఒకసారి జరిగింది. 1960ల చివర రూపుదిద్దుకున్న జైపూర్ పాదం, బూటు తొడిగే పాశ్చాత్యుని కోసం కాక, చెప్పులు లేకుండా నడిచి, గొంతుకూర్చుని, పొలంలో దిగే మనిషి కోసం తయారైంది. శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు ప్రమోద్ కరణ్ సేథీ కలిసి చేసిన ఆ కృషి పాదం పనితనానికి కొలమానం దేశకాలాలను బట్టి మారాలని రుజువు చేసింది. మడమ విరుపు ఫలితాలను కొలవడంలోనూ అటువంటి సవరణకు తావుంది.

నష్టపరిహారపు కొలత మరొకటి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వైకల్యాన్ని శాతాలలో లెక్కించేది. అవయవం తెగిపోతే శాతం ఎంతో అనుబంధ పట్టికలోనే ఉండేది. మడమ విరుపులో అవయవం తెగదు, పైకి ఉన్నట్లే ఉంటుంది. కనుక సంపాదన శక్తి ఎంత పోయిందో వైద్యుడు అంచనా వేసి చెప్పాలి. పైగా తన ఇంటి మిద్దె మీది నుంచి, తన చేనిగట్టు చెట్టు మీది నుంచి పడినవాడికి పరిహారమిచ్చే యజమానే ఉండడు. బోలర్‌కు వియన్నాలో అండగా నిలిచిన బీమా వ్యవస్థ ఇక్కడి వ్యవసాయ కూలీకి లేదు. కెనడా అధ్యయనంలో పరిహారం పొందేవారిని విడిగా లెక్కించగలిగారు. ఇక్కడి కూలీ ఆ రెండు వర్గాల్లో దేనిలోనూ ఇమడడు. అతనికి బరువుపని ఉంది, పరిహారం లేదు.

10. ముగింపు:

మడమ ఎముక విరుపు చికిత్సలో సుత్తి, శలాక, ఎముక అతుకు, ప్లేటు, సన్నకోత ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ప్రతి తరమూ ముందు తరపు నిరాశను తోసిపుచ్చింది, తన వంతు నిరాశను మిగిల్చింది. ఈ రాకపోకల నడుమ స్థిరంగా నిలిచిన అంశాలు మూడు. నలిగిన కీలు కష్టసాధ్యమన్నది ఒకటి. చర్మాన్ని గౌరవించని చికిత్స, అది బిగుతు కట్టు అయినా పెద్ద కోత అయినా, చెరుపే చేస్తుందన్నది రెండవది. ఫలితాన్ని చివరకు తేల్చేది రోగి తిరిగి వెళ్లవలసిన పని అన్నది మూడవది. మొదటి రెండింటినీ సుశ్రుత సంహిత తనదైన భాషలో గుర్తించింది. మూడవదాన్ని పారిశ్రామిక యుగం గుర్తించింది.

ఈ దృష్టితో చూసినప్పుడు శస్త్రం మంచిదా కట్టు మంచిదా అన్న ప్రశ్నకు సార్వత్రికమైన సమాధానం లేదని స్పష్టమవుతుంది. రుద్రవరం వంటి చోట మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఒక ఎక్స్‌రే, మొదటి వారంలో ఒక నిర్ణయం, గాయం మానిన తరువాత నెలల పాటు కూలి లేని రోజులకు ఒక ఆధారం ఉంటే, ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి ఫలించే అవకాశం దక్కుతుంది. అవి లేనప్పుడు మడమ విరిగిన మనిషి భవిష్యత్తు ముగిసినట్లేనన్న 1916 నాటి మాట వైద్యం ఎంత ఎదిగినా ఊళ్లో చెల్లుబాటవుతూనే ఉంటుంది. తెలుగు ప్రాంతపు కట్టు వైద్య సంప్రదాయాన్ని, జిల్లా ఆసుపత్రుల చరిత్రను, శ్రామికుల గాయాల అనుభవాలను ఒకచోట చేర్చి అధ్యయనం చేయవలసిన అవసరాన్ని ఈ పరిశీలన సూచిస్తున్నది.